సీపీఆర్ కార్డు ఉండీ మామయ్యను పిలవలేకపోయాను

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ నుంచి మా మామయ్య ఏనాడూ పొద్దున పదకొండు గంటల లోపు ఇల్లు చేరింది లేదు. ఆ రోజు ఎనిమిదిన్నరకే వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గేటు లోపలి మెట్ల మీద కూర్చున్నారు. వంటింటి కిటికీలోంచి చూశాను. ఎడమ చేతిని కుడిచేత్తో నొక్కుకుంటున్నారు. మెడ చుట్టూ వేసుకున్న తువాలు తడిసిపోయింది. చలికాలం పొద్దున అది, చెమట పట్టే వేళ కాదు.

"గ్యాస్ పట్టింది. ఇంట్ల సోడా ఏమన్న ఉంటే ఇయ్యరాదుండ్రి," అన్నారు గోడను చూస్తూ.

ఆ మాట నాకే. మా అత్తవారింట్లో కోడలు మామతో నేరుగా మాట్లాడదు. ఆయన ఎదుట కుర్చీలో కూర్చోదు. ఆయనను ముట్టుకోవడం అన్న మాటే లేదు. నేను చెప్పాల్సింది మా పాప నిత్యకు చెబుతాను, "తాతకు చెప్పు, అన్నం పెట్టిన" అని. ఆయన పక్కనే ఉంటారు, వింటూనే ఉంటారు. అయినా నిత్య మళ్లీ చెప్పాలి. నిత్య బడికి పోతే అత్తమ్మ, అత్తమ్మ లేకపోతే గోడ. పద్నాలుగేళ్లు ఇలాగే గడిచాయి. ఇందులో కోపమూ లేదు, పగా లేదు, మర్యాద అంతే. నిజం చెప్పాలంటే నాకు అది సుఖంగానే ఉండేది. మామయ్యకు కోపం ఎక్కువ, నాకు నోరు ఎక్కువ. మధ్యలో గోడ ఉండబట్టే ఇల్లు ప్రశాంతంగా ఉందని మా ఆయన మహేందర్ నవ్వేవాడు.

సోడాలో నిమ్మకాయ పిండి, గ్లాసు మెట్టు మీద పెట్టి లోపలికి వచ్చేశాను. దగ్గరికి వెళ్లి ముఖం చూసి ఉంటే రంగు మారిందని తెలిసేది. చూడలేదు. అరగంట తర్వాత మార్కెట్‌లోని మా దుకాణం నుంచి మహేందర్ ఫోన్ చేసి, "నాయన మంచిగున్నడా?" అని అడిగితే, "గ్యాస్ అంటున్నరు" అన్నాను. అతను వచ్చి చూసి, బండి మీద వీధి చివరి క్లినిక్‌కు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు ఈసీజీ కాగితం చూసి, "గ్యాస్ కాదు బాబూ, హార్ట్ అటాక్. ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఉండొద్దు," అన్నారట.

సికింద్రాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ చేశారు. ఒక రక్తనాళం పూర్తిగా మూసుకుపోయింది. స్టెంట్ వేశారు. అయిదో రోజు డిశ్చార్జి అప్పుడు కార్డియాలజిస్టు మమ్మల్నందరినీ నిలబెట్టి చెప్పారు.

"స్టెంట్ బాగానే పడింది. కానీ ఆలస్యంగా వచ్చారు, హార్ట్ పంపింగ్ వీక్ అయింది. ఇ.ఎఫ్., అంటే పంపింగ్ శాతం, ముప్ఫై ఉంది, యాభై దాటి ఉండాలి. మూడు నెలలు మందులతో చూస్తాం. పెరగకపోతే ఐసీడీ అని, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే డివైస్ ఒకటి పెట్టాలి. ఈలోగా రిదమ్ దెబ్బతిని సడన్‌గా పడిపోయే రిస్క్ ఉంటుంది. పగలు ఇంట్లో ఎవరుంటారు?"

మహేందర్ అత్తమ్మ వైపు చూశాడు. అత్తమ్మ నొప్పులున్న తన మోకాళ్ల వైపు చూసుకుంది. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు.

"మా ఇంట్లామె ఉంటది సార్. ఇంట్లనే బ్లౌజులు కుడ్తది," అన్నాడు మహేందర్.

"అయితే మీరు సీపీఆర్, గుండె ఆగితే రొమ్ము ఒత్తే పద్ధతి, నేర్చుకోండమ్మా. ఒక్క రోజు క్లాసు. సర్టిఫికెట్ కోసం కాదు, చేతులకు అలవాటు కావాలి."

ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవలేదు. మిషన్ మీద కూర్చుంటే చెవి మాత్రం ముందు గదిలోనే ఉండేది. టీవీ మోగుతుంటే ఆయన దగ్గు వినిపించదని భయం, టీవీ ఆగితే ఎందుకు ఆగిందని భయం. నాలుగు కుట్లు వేసి లేచి, గుమ్మం దాకా వెళ్లి, తొంగి చూసి వచ్చేదాన్ని. ఒక పెళ్లికూతురి బ్లౌజుకు రెండు చేతులూ కుడివే కుట్టాను. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని నాకే తెలుస్తోంది.

"ఏం పిల్లా, ఇల్లంత కొలుస్తున్నవా? జెర కూసో," అనేది అత్తమ్మ.

ఆ వచ్చే ఆదివారమే మారేడ్‌పల్లిలో క్లాసుకు వెళ్లాను. ఒక మేడ మీద హాలు. ఇరవై మందిమి ఉన్నాం. స్కూలు బస్సు డ్రైవర్లు, ఇద్దరు జిమ్ కుర్రాళ్లు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు, టీచర్లు, నేను. నేర్పే ఆమె పేరు సుజాత. ఐసీయూలో చాలా ఏళ్లు నర్సుగా చేసి వచ్చిన మనిషి. నేల మీద నడుము వరకే ఉన్న ప్లాస్టిక్ బొమ్మలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. సరిగ్గా ఒత్తితే బొమ్మ భుజం దగ్గర పచ్చలైటు వెలుగుతుంది, లేకపోతే ఎర్రలైటు.

"మొదలు ఏం జెయ్యాలె? రెండు భుజాలు తట్టాలె, గట్టిగ పిల్వాలె. అందరు అనుండ్రి, హలో సార్! హలో సార్! మీకేమైంది?"

ఇరవై మందిమీ బొమ్మల భుజాలు తట్టి, "హలో సార్" అని అరిచాం. సమాధానం లేకపోతే ఒకరిని వేలుపెట్టి చూపించి 108కు ఫోన్ చెయ్యమనాలి. పది సెకన్ల లోపు శ్వాస చూడాలి. "నోరు దెరిచి ఎప్పుడో ఒకసారి గుటుక్కుమంటే అది శ్వాస గాదు, మోసపోవద్దు," అన్నారు మేడం. తర్వాత రొమ్ము మధ్యలో అరచేయి మడమ ఆనించి, మోచేతులు వంచకుండా, రెండంగుళాల లోతు, నిమిషానికి నూటికి తగ్గకుండా. ముప్ఫై ఒత్తాక రెండు శ్వాసలు. శ్వాసల దగ్గరికి వచ్చేసరికి అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎంగిలి కదా. మేడం స్పిరిట్ దూదితో బొమ్మ మూతి తుడిచి చూపించి, "మీకు ఎంగిలైతదంటే శ్వాసలు ఇడిసిపెట్టుండ్రి. ఒత్తుడు మాత్రం ఆపకుండ్రి," అన్నారు.

నేను మొదట నెమ్మదిగా ఒత్తాను. ఎర్రలైటు.

"పిండి పిసుకుతున్నవా చెల్లె? బలంగ ఒత్తు. పక్కటెముక ఇరిగితే ఇరగనీ, మల్ల అతుకుతది. మనిషి పోతే అతకడు."

మధ్యాహ్నం ఫస్ట్ ఎయిడ్. కాలితే నల్లా నీళ్ల కింద పెట్టాలి, టూత్‌పేస్ట్ రాయకూడదు. రక్తం కారితే గుడ్డతో అదిమి పట్టాలి. ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళంచెవులు పెట్టకూడదన్నప్పుడు ఒక డ్రైవరు లేచి, "మా అవ్వకు తాళంచెవులు వెడ్తెనే తగ్గేది మేడం," అని వాదనకు దిగాడు. "పెట్టకున్న తగ్గేది బిడ్డా, మీరు ఆగి చూడలే," అన్నారు మేడం. హాలంతా నవ్వింది.

సాయంత్రం రాత పరీక్ష, తర్వాత బొమ్మ మీద పరీక్ష. రెండు నిమిషాలు నా బొమ్మకు పచ్చలైటు ఆరలేదు. రోజూ కత్తెర పట్టే చేతులు, బలం ఉంది. రెండేళ్లు చెల్లే కార్డు ఇచ్చారు, పెద్ద సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. "మా మామయ్య కోసం నేర్చుకున్నాను మేడం," అని గొప్పగా చెప్పాను. మీ మామయ్యను నువ్వు ఏమని పిలుస్తావని ఆమె అడగలేదు. నాకూ ఆ ఆలోచన రాలేదు. బొమ్మను సార్ అన్నాను, పాసయ్యాను, ఆటో ఎక్కి ఇంటికొచ్చాను.

నెలన్నర గడిచింది. ఆ మంగళవారం అత్తమ్మ కాప్రాలో ఉన్న చెల్లెలింటికి వెళ్లింది. మహేందర్ దుకాణంలో, నిత్య బడిలో. పదిన్నర అవుతోంది. ముందు గదిలో మంచం పక్కన స్టూలు మీద ఉప్మా గిన్నె, నీళ్ల గ్లాసు పెట్టి వెనక్కి వచ్చి మిషన్ ఎక్కాను. గ్లాసు కింద పడిన చప్పుడు వినిపించింది.

గుమ్మంలోకి పరిగెత్తాను. మామయ్య మంచానికీ స్టూలుకీ మధ్య నేల మీద వెల్లకిలా పడి ఉన్నారు. కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి. నోరు తెరిచి ఒకసారి గుటుక్కుమన్నారు. మళ్లీ చాలాసేపు ఏమీ లేదు.

నాకు అంతా తెలుసు. అది శ్వాస కాదని తెలుసు. తట్టాలని తెలుసు, పిలవాలని తెలుసు. నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"నిత్యా! తాతకు ఏమైందో చూడు!"

నిత్య బడిలో ఉంది. పొద్దున టిఫిన్ డబ్బా కట్టి పంపింది నేనే. అయినా రెండోసారి కూడా పిలిచాను, ఇంకా గట్టిగా. ఖాళీ ఇంట్లో ఆ అరుపు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

ఆ తర్వాత లోపలికి అడుగు పెట్టాను. చెయ్యి చాపాను. భుజం దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి వచ్చేసింది. "హలో సార్" అనలేను, అది బొమ్మకు. "మామా" అని ఆయన ముఖం మీద నేను ఎన్నడూ అనలేదు. ఆయన లుంగీ మోకాలి పైకి జరిగి ఉంది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, గుండె ఆగిన మనిషికి నేను మొదట చేసిన చికిత్స ఆ లుంగీ కిందికి లాగడం. ఆ తర్వాత ఎవరైనా మగమనిషి రావాలి అనుకుంటూ బయటికి పరిగెత్తాను.

పక్కింటి మూర్తిగారు చెట్లకు నీళ్లు పోస్తున్నారు. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన బ్యాంకు రిటైర్డ్ మనిషి. ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. మామయ్యను చూడగానే ఆయన ముఖం పాలిపోయింది.

"మీరు చెయ్యండి అంకుల్, మీరు ఒత్తండి!"

"నాకేం తెలుసమ్మా! నేర్చుకుంది నువ్వు కదా! కార్డు చూపించావు కదా నాకు! ఏంటలా నిలబడతావు, చెయ్యి తల్లీ, చెయ్యి! నేను ఫోన్ చేస్తాను."

ఆయన కసురుకున్నారు. నన్ను ఎవరూ అంత గట్టిగా కసరలేదు ఆ ఇంట్లో. మోకాళ్ల మీద కూలబడి, మామయ్య బనియను పైకి లాగి, రొమ్ము మధ్యలో చెయ్యి పెట్టాను. ఒళ్లు వెచ్చగానే ఉంది. ఒకటి, రెండు, మూడు అని ఒత్తడం మొదలుపెట్టాను. కొంగు అడ్డం వస్తే పళ్లతో పట్టుకున్నాను. ఎన్నో ఒత్తుకో పటుక్కుమని లోపల ఏదో విరిగింది. చేతుల కింద ఆ విరుపు తెలిసింది. మేడం మాట గుర్తొచ్చి ఆపలేదు. మూర్తిగారు ఫోన్ స్పీకర్లో పెట్టి, అటువైపు 108లో ఆమె చెబుతున్న లెక్కను నాతో పాటు అరుస్తున్నారు. నాకు చెమట కళ్లలోకి కారుతోంది. ఏడుస్తున్నానో తిడుతున్నానో తెలియదు.

అంబులెన్స్ వచ్చింది. వాళ్లు రొమ్ముకు షాక్ పలకలు అంటించి, "షాక్ ఇస్తున్నం, అమ్మా, దూరం జర్గు," అన్నారు. మొదటి షాక్‌కు ఏమీ కాలేదు. రెండో షాక్ తర్వాత మళ్లీ ఒత్తుతూ ఉన్న కుర్రాడు మెడ దగ్గర వేళ్లు పెట్టి, "పల్స్ ఉన్నది," అన్నాడు.

ఎమర్జెన్సీలో డాక్టరు కాగితం పట్టుకుని బయటికి వచ్చేసరికి మహేందర్ చేరుకున్నాడు. కాప్రా నుంచి అత్తమ్మను తీసుకొచ్చారు. మూర్తిగారూ అక్కడే ఉన్నారు.

"సీపీఆర్ ఎవరు చేశారు? పడిపోయిన ఎంతసేపటికి స్టార్ట్ చేశారు?"

"నేను సార్. వెంటనే," అన్నాను.

మూర్తిగారు నా వైపు ఒకసారి చూసి, తన చెప్పుల వైపు చూసుకున్నారు. డాక్టరు, "గుడ్. ఇమ్మీడియట్ బైస్టాండర్ సీపీఆర్," అని రాసుకున్నారు. అత్తమ్మ నన్ను పట్టుకుని భోరుమంది. మహేందర్ అందరి ముందూ నా చేతులు పట్టుకున్నాడు. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు.

మూడు రోజుల్లో వెంటిలేటర్ తీస్తామన్నారు. మూడో రోజు జ్వరం వచ్చింది. న్యుమోనియా అన్నారు, ఇంకో అయిదు రోజులు గొట్టం ఉంచారు. రెండు పక్కటెముకలు విరిగాయి. ఆయన దగ్గినప్పుడల్లా ముఖం ముడుచుకుపోవడం ఐసీయూ అద్దంలోంచి చూసేదాన్ని. తర్వాత ఐసీడీ పెట్టారు, ఎడమ వైపు చర్మం కింద అగ్గిపెట్టెంత. ఇంటికి వచ్చేసరికి మూడు వారాలు దాటింది.

ఇల్లంతా చుట్టాలు. "నా కోడలే బత్కిచ్చింది," అని అత్తమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. మహేందర్ నా సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి ముందు గదిలో వేలాడదీశాడు. చాయ్ కప్పులు పట్టుకుని ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా తల దించుకునేదాన్ని. వినయం అనుకునేవాళ్లు.

పది పదిహేను రోజులకు తెలిసింది, మామయ్యకు పేర్లు అందడం లేదని. పొద్దున వేసుకున్న మాత్రలు మళ్లీ అడుగుతున్నారు. మార్కెట్ నుంచి ముప్ఫై ఏళ్ల స్నేహితుడొకాయన చూడ్డానికి వస్తే, ముఖం గుర్తుపట్టి నవ్వారు గాని పేరు రాలేదు. ఎక్కడి ఏ రైతు ఎవరి కొడుకో కూడా చెప్పగలిగే మనిషి, ఆ వచ్చినాయన వెళ్లిపోయాక చాలాసేపు దుప్పటి అంచు నలుపుతూ కూర్చున్నారు. ఎంఆర్ఐ చేయిస్తే న్యూరాలజిస్టు చెప్పారు. "గుండె ఆగినప్పుడు బ్రెయిన్‌కి ఆక్సిజన్ తగ్గింది. మైల్డ్ చేంజెస్. పేర్లు, కొత్త విషయాలు కష్టమవుతాయి. కొన్ని నెలల్లో కొంత మెరుగవ్వొచ్చు."

ఆ రోజు నుంచి నేను మామూలు మనిషిని కాలేకపోయాను. ఇంట్లో ఎవరూ లేని వేళ ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, మిషన్ దగ్గర్నుంచి గుమ్మం దాకా నడిచేదాన్ని. రెండుసార్లు నిత్యను పిలిచేంతసేపు నిలబడేదాన్ని. గేటు దాకా పరిగెత్తి, మూర్తిగారి గోడ దగ్గర ఆగి, వెనక్కి పరిగెత్తి వచ్చి ఆపేదాన్ని. ఒకసారి రెండు నిమిషాల పది సెకన్లు. ఒకసారి మూడు దాటింది. తక్కువ వచ్చిన రోజు అన్నం సయించేది, ఎక్కువ వచ్చిన రోజు లేదు. మూర్తిగారు ఒకరోజు గోడ మీది నుంచి చూసి, "ఎందుకమ్మా ఇదంతా? మనిషి బతికాడు కదా," అన్నారు. ఏమీ తెలియనట్టు ఆయన అలా అనేసరికి నాకు ఇంకా మండింది.

మళ్లీ మారేడ్‌పల్లి క్లాసుకు వెళ్లాను. సుజాత మేడం గుర్తుపట్టారు.

"నీ కార్డు ఇంక నడుస్తది గద చెల్లె, మల్లెందుకొచ్చినవ్?"

అప్పుడు చెప్పాను. నిత్యను పిలిచింది, లుంగీ సర్దింది, పక్కింటికి పరిగెత్తింది, ఆసుపత్రిలో వెంటనే అని చెప్పింది, అంతా. ఓదారుస్తారేమో అనుకున్నాను. మేడం ఓదార్చలేదు.

"డాక్టర్‌కు చెప్పినవా?"

"లేదు మేడం."

"చెప్పు. వాళ్లు లెక్కలు దాని మీదనే కడ్తరు. పేషెంట్ రికార్డుల అబద్ధం ఉండొద్దు. తర్వాత నువ్వు ఏడుస్తవో ఏం జేస్తవో నీ ఇష్టం."

తర్వాత క్లాసు మొదలుపెడుతూ, ఈసారి ఎప్పుడూ అడగని మాట అడిగారు. "మీ ఇంట్ల ఎవరి కోసం నేర్చుకుంటున్నరు? ఆల్లను ఏమని పిలుస్తరు? బొమ్మను గట్లనే పిల్వుండ్రి." ఒక డ్రైవరు బొమ్మను "అవ్వా, ఓ అవ్వా" అని పిలిచాడు. నా వంతు వచ్చినప్పుడు బొమ్మను కూడా "మామా" అని పిలవడానికి నాకు గొంతు పెగల్లేదు. మూడోసారికి వచ్చింది, గుసగుసలాగా. "ఇనవడలే," అన్నారు మేడం.

తర్వాతి రివ్యూలో మామయ్య, మహేందర్, నేను డాక్టరు ఎదుట ఉన్నాం. నిలబడే చెప్పాను. "సార్, ఆ రోజు వెంటనే అని చెప్పాను. అబద్ధం. రెండు మూడు నిమిషాలు ఆలస్యం చేశాను. ముట్టుకోవడానికి జంకాను."

డాక్టరు పెన్ను ఆపారు. "ఇప్పుడు ట్రీట్‌మెంట్ మారదు. కానీ చెప్పడం మంచిదైంది, రాసుకుంటాను. ఈ మెమరీ ప్రాబ్లమ్ ఆ నిమిషాల వల్లేనా అంటే అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. మీరు లేటుగా మొదలుపెట్టారు. కానీ అంబులెన్స్ వచ్చేదాకా ఆపలేదు. రెండూ నిజమే."

మామయ్య విన్నారు. తిరిగి వస్తుంటే ఆటోలో మహేందర్ నా వైపు తిరిగాడు. "గిప్పుడు చెప్పకపోతే ఏమైతుండె? నాయన ముంగట చెప్పాల్నా?" ఇంటికి రాగానే ఫ్రేము తీసి బీరువా వెనక పెట్టాను.

నాలుగు రోజులు మామయ్య గోడతో కూడా మాట్లాడలేదు. చాయ్ కావాలన్నా అడగలేదు. అత్తమ్మ పెడితే తాగారు. ఈ ఇంట్లో నా పని అయిపోయిందనుకున్నాను.

అయిదో రోజు పొద్దున, నిత్య బడికి వెళ్లాక, మాత్రలు స్టూలు మీద పెట్టి వెనక్కి తిరుగుతున్నాను.

"జెర ఆగు," అన్నారు.

గోడ వైపు చూసి కాదు. నన్ను చూసి అన్నారు. పెళ్లి నాటి నుంచి అదే మొదటిసారి. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"ఆ దినం నన్నేమని పిల్చినవ్?"

"పిల్వలే మామా. నిత్యను పిల్చిన."

"నిత్య ఇస్కూల్ల ఉండె గద?"

"ఔ."

ఆయన చాలాసేపు నా ముఖం చూశారు. నుదురు ముడిపడింది. స్నేహితుడు వచ్చిన రోజున దుప్పటి అంచు నలిపినట్టే ఇప్పుడు తువాలు నలుపుతున్నారు.

"నీ పేరు నోట్లెనే ఉన్నది. అస్తలేదు. ఏం పేరది?"

నా పేరు నా వల్లే పోయింది అనుకున్నాను. మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చింది. పద్నాలుగేళ్లలో ఆయన ఆ పేరు ఒక్కసారీ పలకలేదు. 'నిత్య వాళ్లమ్మ' అన్నారు, 'ఇంట్ల' అన్నారు, గోడను చూశారు. ఎన్నడూ నోట పట్టని పేరు ఇప్పుడు రాకపోతే, అది నేను ఆగిన ఆ నిమిషాల్లో పోయిందా, లేక ఎన్నడూ ఆయన దగ్గర లేనే లేదా? ఏ ఎంఆర్ఐ తీసినా అది కనబడదు.

"స్వప్న," అన్నాను.

"స్వప్న," అన్నారు. ఇంకోసారి అన్నారు, రుచి చూస్తున్నట్టు. "గింతేనా? పిల్వనీకె అల్కగనే ఉంది గద."

నేను ఆయన ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఆయన లేవమనలేదు. ఏడవొద్దనీ అనలేదు. మాత్రలు తానే తీసి వేసుకున్నారు.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. ఇ.ఎఫ్. నలభైకి వచ్చింది. మామయ్య రోజూ రెండు గంటలు దుకాణంలో కూర్చుంటారు, పేర్లు మహేందర్ పక్కనుంచి అందిస్తాడు. నా పేరు కొన్ని రోజులు వస్తుంది, కొన్ని రోజులు నన్ను నిత్య అంటారు. పలుకుతాను. నా కాలు ఇప్పటికీ నిలవదు. మిషన్ మీది నుంచి లేచి గుమ్మం దాకా వెళ్లి రావడం మానలేదు. అది తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మను. స్టాప్‌వాచ్ మాత్రం మానేశాను.

ఆదివారం ఆదివారం ఆయన మంచం మీద కూర్చుంటే, నేను ఎదురుగా నిలబడి రెండు భుజాలూ తట్టి, "మామా! మామా! ఏమైంది?" అని పిలుస్తాను. "బత్కి వచ్చిన మనిషి మీద గదేం ఆట, మంచిది గాదు," అని అత్తమ్మ మొదట్లో చెవులు మూసుకునేది. ఇప్పుడు తనూ నేర్చుకుంటోంది, మోకాళ్లు వంగవు గనుక కూర్చునే దిండు ఒత్తడం. మామయ్యకు మాత్రం నా గొంతు ఇంకా చాలదు. "గిట్ల పిలుస్తె మార్కెట్ల ఒక్క టమాట డబ్బ అమ్ముడువోదు," అంటారు.

మీకు చెప్పేది ఒక్కటే. క్లాసుకు వెళ్లండి, కార్డు తెచ్చుకోండి, అది అవసరమే. కానీ కార్డు తెచ్చుకున్న రోజే, మీ ఇంట్లో మీరు ఎప్పుడూ ముట్టుకోని, ఎప్పుడూ పిలవని మనిషి ఎవరో చూసుకోండి. మామగారు కావచ్చు, బావగారు కావచ్చు, ఇంటి యజమాని కావచ్చు. ఆ మనిషిని కూర్చోబెట్టి, రెండు భుజాల మీదా చేతులు వేసి, వీధి వరకు వినబడేలా పిలవండి. వాళ్లు పలకగలిగినప్పుడే పిలిచి చూసుకోండి.